విశాఖలో ఆశా, అంగన్‌వాడీ కార్యకర్తలకు: పుట్టుక నుంచి మూడేళ్ల దాకా బిడ్డ ఎదుగుదలకు తోడ్పడటం ఎలా?

మూడేళ్లు నిండేసరికి బిడ్డ మెదడు పెద్దవాళ్ల మెదడులో దాదాపు 80 శాతం పరిమాణానికి చేరుతుంది. మాట, నడక, నమ్మకం, కుతూహలం అన్నిటికీ పునాది పడేది ఆ కాలంలోనే. అప్పటికి బిడ్డ ఏ బడికీ వెళ్లి ఉండదు. ఒంట్లో బాగున్నంత కాలం డాక్టరు దగ్గరికీ వెళ్లదు. ఆ రోజుల్లో ఆ ఇంటి తలుపు తట్టి, బిడ్డ పేరు పెట్టి పిలిచి, ఎలా ఉందని అడిగేది ఆశా కార్యకర్త, అంగన్‌వాడీ టీచరు, టీకాలు వేసే నర్సమ్మ (ఏఎన్ఎం). ఈ వ్యాసం వాళ్ల కోసం, ముఖ్యంగా కొత్తగా చేరినవాళ్ల కోసం.

అసలు మాట ముందే చెప్పేస్తాను. మీరు ఇంట్లో ఉండేది అరగంట. తల్లి, మామ్మ, నాన్న ఉండేది రోజంతా. కాబట్టి ఆ అరగంటలో బిడ్డతో మీరు ఆడటం కాదు, తల్లి చేత ఆడించాలి. ఈ పద్ధతికి గట్టి రుజువు ఉంది. 1986-87లో జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లో వయసుకు తగ్గ ఎత్తు లేని 129 మంది పసిపిల్లలతో ఒక అధ్యయనం మొదలుపెట్టారు. వాళ్లలో కొందరి ఇళ్లకు స్థానిక ఆరోగ్య కార్యకర్తలు వారానికోసారి చొప్పున రెండేళ్లు వెళ్లారు. ఇంట్లో దొరికే వస్తువులతో చేసిన బొమ్మలు తీసుకెళ్లి, తల్లి చేత బిడ్డను ఆడించారు, మాట్లాడించారు. ఇరవై ఏళ్ల తరవాత చూస్తే, కార్యకర్తలు వెళ్లిన ఇళ్ల పిల్లలు వెళ్లని ఇళ్ల పిల్లల కంటే 25 శాతం ఎక్కువ సంపాదిస్తున్నారు. ఆ కార్యకర్తలు పెద్ద చదువులు చదివినవాళ్లు కారు, మనలాంటివాళ్లే.

ఎవరి పని ఎంతవరకు

అంగన్‌వాడీ వ్యవస్థ 1975 అక్టోబరు 2న మొదలైంది, ఆశా వ్యవస్థ 2005లో గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో వచ్చింది. బరువు, ఎత్తు కొలవడం, బాలామృతం పిండి, గుడ్లు, పాలు అందించడం, ఆ వివరాలు పోషణ్ ట్రాకర్ యాప్‌లో ఎక్కించడం అంగన్‌వాడీ టీచరు పని. పురిటి తరవాత ఇంటి సందర్శనలు, ఆసుపత్రికి తోడు వెళ్లడం ఆశా పని. టీకాలు ఏఎన్ఎం చేతిలో ఉంటాయి. నగరంలో అయితే వార్డు సచివాలయంలోని ఆరోగ్య కార్యదర్శిగా ఆవిడే కనిపిస్తుంది. ఆటపాటలు, మాటలు నేర్పించడం మాత్రం ముగ్గురిలో ఎవరి ఖాతాలోనూ స్పష్టంగా పడదు, అందుకే జారిపోతుంది. మీ ముగ్గురూ నెలకోసారి, టీకాల బుధవారమో శనివారమో పని అయ్యాక ఒక పావుగంట కూర్చుని, ఎవరు ఏ ఇంటికి వెళ్లారో, ఏ బిడ్డ గురించి బెంగగా ఉందో చెప్పుకోండి. రిజిస్టర్లు సరిపోల్చడం కంటే ఇది ఎక్కువ పనిచేస్తుంది.

మొదటి అడుగు: జాబితాలో లేని బిడ్డలను వెతకండి

మీ పరిధిలోని గర్భిణులు, మూడేళ్లలోపు పిల్లల జాబితా మీ దగ్గర ఉంటుంది. అందులో లేనివాళ్లకే మీ అవసరం ఎక్కువ. విశాఖలో వాళ్లు ఎక్కడుంటారో తెలుసుకోవడం కష్టం కాదు. మధురవాడ, కొమ్మాది వైపు కట్టే అపార్టుమెంట్ల దగ్గర శ్రీకాకుళం, విజయనగరం, ఒడిశా నుంచి వచ్చిన కూలీల కుటుంబాలు రేకుల షెడ్లలో ఉంటాయి. కొండవాలు కాలనీల్లో పైవరస ఇళ్లకు మెట్లెక్కి వెళ్లేవాళ్లు తక్కువ. వాచ్‌మన్ కుటుంబాలు పెద్ద అపార్టుమెంట్ల సెల్లార్లలో ఉంటాయి, చుట్టుపక్కల వాళ్లకు కూడా ఆ గదిలో పసిబిడ్డ ఉన్నట్టు తెలియదు.

ఇంకో పెద్ద ఖాళీ మన ఆచారం వల్లే వస్తుంది. తొలి కాన్పుకు అమ్మాయి పుట్టింటికి వెళ్తుంది. మీ జాబితాలో గర్భిణిగా ఉన్నావిడ ఏడో నెలలో వెళ్లిపోయి, బిడ్డకు మూడో నెలో అయిదో నెలో వచ్చాక తిరిగొస్తుంది. అంటే అతి కీలకమైన తొలి 42 రోజులు మీకూ దక్కవు, పుట్టింటి ఊరి ఆశాకు ఆమె ఎవరో తెలియదు. అందుకే ఆమె బయల్దేరే ముందే ఏ ఊరు, ఏ ఆరోగ్య కేంద్రం పరిధి అని అడిగి రాసుకోండి. మీ ఏఎన్ఎం ద్వారా అక్కడి ఆశా నంబరు తీసుకుని ఒక ఫోన్ చేయండి. మాతా శిశు సంరక్షణ కార్డు సంచిలో పెట్టుకుందో లేదో చూడండి. తిరిగొచ్చిన వారంలోపు మీరు ఆ ఇంట్లో ఉండాలి.

వేళలు కూడా ఇంటిని బట్టి మారతాయి. పెదజాలారిపేట లాంటి మత్స్యకార వాడల్లో ఆడవాళ్లు తెల్లవారకముందే హార్బరుకు వెళ్లి, చేపలు కొని, అమ్ముకుని మధ్యాహ్నానికి గాని ఇల్లు చేరరు. పొద్దున పది గంటలకు వెళ్తే మీకు కనిపించేది మామ్మ, లేదా బిడ్డను చంకనేసుకున్న ఎనిమిదేళ్ల అక్క. తల్లి దొరకలేదని వెనక్కి రాకండి. పగలంతా బిడ్డను చూసుకునేది ఆ మామ్మే కాబట్టి చెప్పాల్సింది ఆవిడకే చెప్పండి, సాయంత్రం ఇంకోసారి తల్లిని కలవండి.

కడుపులో ఉండగానే

ఐరన్ మాత్రలు, కాల్షియం, పరీక్షలు మీకు తెలిసినవే. దానితో పాటు ఒక్క మాట అలవాటు చేయండి. చివరి మూడు నెలల్లో బిడ్డకు బయటి మాటలు వినిపిస్తాయి, అమ్మ గొంతు పుట్టేసరికే గుర్తుపడుతుంది. కాబట్టి పని చేసుకుంటూ పొట్ట మీద చెయ్యేసి మాట్లాడమనండి. నాన్నను కూడా మాట్లాడమనండి. ఆ ఇంట్లో గొడవలు, తాగుడు, కొట్టడం ఉంటే గమనించాల్సిన సమయం కూడా ఇదే. పుట్టిన గంటలోపు పాలు పట్టించాలనే సంగతి పురిటి నొప్పుల వేళ చెప్తే ఎవరికీ ఎక్కదు. తొమ్మిదో నెలలో అత్తగారినీ అమ్మనూ పక్కన కూర్చోబెట్టుకుని చెప్పండి.

తొలి 42 రోజులు

ఆసుపత్రిలో కాన్పయితే 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఆరు సందర్శనలు. ఇంట్లో కాన్పయితే మొదటి రోజు కూడా కలిపి ఏడు. మూడో రోజు సందర్శన ఎట్టి పరిస్థితుల్లోనూ వదలకండి. పాలు పడటంలో ఇబ్బంది, పచ్చకామెర్లు బయటపడేది అప్పుడే.

బిడ్డను ముట్టుకునే ముందు చేతులు సబ్బుతో కడుక్కోండి, ఇంట్లోవాళ్లు చూసేలా కడుక్కోండి. తల్లి పాలిచ్చేటప్పుడు కూర్చుని చూడండి. బిడ్డ నోరు బాగా తెరిచి, రొమ్ము నల్లటి భాగం చాలావరకు నోట్లోకి తీసుకుందా, గడ్డం రొమ్ముకు ఆనిందా? పాలు చాలట్లేదు అనే మాటలో సగం పట్టించే తీరులోనే ఉంటుంది. బిడ్డ పాలు తాగకపోయినా, నిమిషానికి 60 సార్లు అంతకంటే ఎక్కువ ఊపిరి తీసినా, డొక్కలెగరేసినా, ఒళ్లు చల్లబడినా, కాలిపోతున్నా, ఫిట్స్ వచ్చినా, బాగా మగతగా ఉన్నా, అరచేతులు, అరికాళ్లు పసుపెక్కినా, బొడ్డు నుంచి చీము వచ్చినా ఆలోచించకుండా 108కు ఫోన్ చేయండి. కేజీహెచ్ లాంటి పెద్దాసుపత్రిలో నవజాత శిశువుల ప్రత్యేక విభాగం ఉంది. దారిలో బిడ్డ తల్లి గుండెకు ఆనుకుని వెచ్చగా ఉండాలి.

పాత అలవాట్ల విషయంలో అన్నీ తప్పని కొట్టిపారేయకండి, మామ్మగారి మనసు ఒక్కసారి విరిగిందంటే ఆ తలుపు మూసుకున్నట్టే. కాళ్ల మీద పడుకోబెట్టుకుని నూనె రాయడం మంచిదే, అందులో స్పర్శా ఉంది, మాటా ఉంది. మెల్లగా రాయమనండి, నలపొద్దనండి. ముక్కులో, చెవుల్లో నూనె పోయడం, సాంబ్రాణి పొగ, కంట్లో కాటుక, నాకించే తేనె మాత్రం ఆపించాలి. ‘మామ్మగారూ, మీ చేతిలో ఎంతమంది పెరిగారో! కాటుక కంట్లో కాకుండా అరికాలికి పెట్టండి, దిష్టీ తగలదు, కన్నూ బాగుంటుంది’ అంటే వింటారు. బరువు 2.5 కిలోల కంటే తక్కువున్న బిడ్డకు స్నానం ఆపి తడిగుడ్డతో తుడవమనండి, తల్లి గుండె మీద చర్మానికి చర్మం ఆనేలా కంగారూ పద్ధతిలో పెట్టుకోమనండి. తండ్రి కూడా పెట్టుకోవచ్చు.

ఇక్కడ ఒక హెచ్చరిక. 34 వారాలకు ముందే పుట్టిన, లేదా రెండు కిలోల లోపు పుట్టిన బిడ్డకు నెల తిరక్కుండానే కంటి వెనక రెటీనా పరీక్ష జరగాలి. ఆలస్యమైతే చూపు శాశ్వతంగా పోవచ్చు. ఆ బిడ్డ కన్ను పైకి మామూలుగానే ఉంటుంది, ఇంట్లోవాళ్లకు అనుమానం రాదు. ఆసుపత్రి నుంచి వచ్చిన డిశ్చార్జి కాగితంలో బరువు, వారాలు చూసి, పరీక్ష అయిందా అని అడగండి. కాకపోతే అదే వారంలో ఏర్పాటు చేయించండి. ఈ పరీక్షకు హనుమంతవాక దగ్గర ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉంది.

3, 6, 9, 12, 15 నెలల సందర్శన: అరగంట ఎలా వాడాలి

2018 నుంచి ఆశా కార్యకర్తలు ఈ అయిదు వయసుల్లో ఇంటికి వెళ్తున్నారు. చాలా సందర్శనలు ఒకేలా సాగుతాయి: కార్డు అడగడం, టీకా చూడటం, ఐరన్ సీసా ఇవ్వడం, సంతకం. అవన్నీ కావాలి, అయితే వాటితోనే సమయం అయిపోకూడదు. ఈ వరసలో ప్రయత్నించండి.

ఇంట్లోకి వెళ్లగానే కార్డు అడగొద్దు. కింద కూర్చోండి, బిడ్డ కంటి ఎత్తుకు రండి. వెంటనే ఎత్తుకోకండి. రెండు మూడు నిమిషాలు ఊరికే చూడండి. బిడ్డ మీ వంక చూసి అమ్మ వంక చూస్తోందా? అమ్మ మాటకు తిరుగుతోందా? అమ్మ బిడ్డతో మాట్లాడుతోందా, లేక మీతోనే మాట్లాడుతోందా? ఏ ప్రశ్నా అడగక్కర్లేకుండానే సగం సంగతి తెలిసిపోతుంది.

తరవాత అడగండి: ‘ఏమ్మా, కొత్తగా ఏం చేస్తున్నాడు?’ ‘బాగా ఆడుతున్నాడా?’ అని అడిగితే ‘ఆఁ’ అంటుంది, అక్కడితో ఆగిపోతుంది. ‘నవ్వించాలంటే ఏం చేస్తావు? చూపించు’ అంటే తల్లి చేసి చూపిస్తుంది. ఆమె చేసింది ఎంత చిన్నదైనా పట్టుకుని మెచ్చుకోండి. ‘చూశావా, నువ్వు నవ్వితే వాడు నీ మూతి వంకే చూస్తున్నాడు’ అని కనబడిన విషయాన్నే చెప్పండి. ఊరికే ‘శభాష్’ అంటే ఆమెకు ఏం మిగలదు.

అప్పుడు ఒకే ఒక్క కొత్త ఆట. రెండు వద్దు. వస్తువు తల్లి చేతికివ్వండి. మీరు పక్కన ఉండి మాట సాయం చేయండి. బిడ్డ తనంతట తాను చేసేదాకా ఆగమనండి. మనవాళ్లకు ఆగడం కష్టం, బిడ్డ చెయ్యి పట్టుకుని గిలక్కాయ ఊపించేస్తారు. ‘అయిదు అంకెలు లెక్కపెట్టుకో, వాడేం చేస్తాడో చూద్దాం’ అనండి. వెళ్లే ముందు, ఈ ఆట రోజులో ఎప్పుడు ఆడతావు అని ఆమె నోటితోనే చెప్పించండి. నీళ్లు పోసేటప్పుడా, అన్నం వండేటప్పుడా? వేరే సమయం కేటాయించమంటే కూలికి వెళ్లే తల్లికి సాధ్యం కాదు. ఉన్న పనిలోనే ఆట కలపాలి.

కార్డు, టీకా, సిరప్ చివర్లో చూడండి. ఆరు నెలల నుంచి ఐరన్ సిరప్ వారానికి రెండుసార్లు, 1 మిల్లీలీటరు చొప్పున. ఏ రెండు రోజులో పక్కా చేసి క్యాలెండరు మీద గీత గీయించండి. మలం నల్లగా రావచ్చని ముందే చెప్పకపోతే మూడో వారానికి సీసా అటకెక్కుతుంది. తొమ్మిదో నెలలో తట్టు టీకాతో పాటు విటమిన్ ఎ మొదటి మోతాదు పడిందో లేదో చూడండి.

ఏ వయసుకు ఏ ఆట

అంగన్‌వాడీల కోసం 2024లో వచ్చిన ‘నవచేతన’లో పుట్టుక నుంచి 36 నెలల దాకా నెలవారీ క్యాలెండరు, 140 కృత్యాలు ఉన్నాయి. ఆశా కార్యకర్తలూ టీచరమ్మ దగ్గర తీసుకుని చూడండి. నా అనుభవంలో విశాఖ ఇళ్లలో బాగా కుదిరేవి కొన్ని చెప్తాను.

మూడో నెలలో బిడ్డ ఉంగా కొడుతుంది. తల్లి కూడా ఉంగా అని ఆగాలి, బిడ్డ జవాబిచ్చేదాకా చూడాలి. మాటామంతీ నేర్చుకోవడం ఇక్కడే మొదలవుతుంది. మెలకువగా ఉన్నప్పుడు చాప మీద కాసేపు బోర్లా పడుకోబెట్టి ఎదురుగా మొహం పెట్టమనండి, మెడ గట్టిపడుతుంది.

ఆరో నెలకు చేతికి అందిందల్లా నోట్లోకే. స్టీలు గ్లాసు, చెక్క గరిటె, మూత బిగించి టేపు చుట్టిన ప్లాస్టిక్ సీసాలో నాలుగు శనగలు చాలు. రెండు వస్తువులు రెండు చేతుల్లో పెట్టి కొట్టనివ్వండి. పేరు పెట్టి పిలిచి తిరిగేదాకా చూడండి.

తొమ్మిదో నెలకు తువ్వాలు కింద గిన్నె దాచి ‘ఏదీ?’ అనడం, కొంగు చాటున మొహం దాచి ‘బూచి’ అనడం. కనబడకపోయినా వస్తువు ఉంటుందని బిడ్డ తెలుసుకుంటుంది. అమ్మ పనికి వెళ్లినా తిరిగొస్తుందన్న ధైర్యానికీ ఇదే మూలం. అందుకే, హార్బరుకో పనికో వెళ్లే తల్లి బిడ్డ కంటపడకుండా దొంగచాటుగా వెళ్లడం మాన్పించండి. ఏడ్చినా సరే, టాటా చెప్పి వెళ్లమనండి.

ఏడాది, పదిహేను నెలలకు గిన్నెలో గిన్నె పెట్టడం, ఉల్లిపాయలు బుట్టలో వేసి తీయడం, ‘నాన్నకి ఇవ్వు’ అంటే ఇవ్వడం. ముక్కేది, చెవేది, కాకేది? కాలనీ మెట్ల మీద కూర్చుని కిందకి పోయే ఆటోలు, మేకలు, ఓడలు చూపిస్తూ పేర్లు చెప్పడం విశాఖలో ఖర్చులేని బడి. రెండేళ్లు దాటాక రాళ్లు, గవ్వలు పెద్దవీ చిన్నవీ వేరు చేయించడం, కథ చెప్పి మధ్యలో ఆగి తరవాత ఏమైందని అడగడం. బిడ్డ ‘బూ’ అంటే తల్లి ‘అవును, బువ్వ తిందామా?’ అని ఒక మాట కలిపి తిరిగి ఇవ్వాలి. ఒడియా ఇంట్లో ఒడియాలోనే మాట్లాడమనండి. తల్లికి బాగా వచ్చిన భాషే బిడ్డకు బలం, తెలుగు వీధిలో వచ్చేస్తుంది.

ఇక సెల్‌ఫోన్. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది సూటిగా ఉంది: రెండేళ్లలోపు తెర అసలు వద్దు, ఆ తరవాత రోజుకు గంట మించొద్దు. ‘ఫోన్ పెడితేగాని తినడు అక్కా’ అని ప్రతి వీధిలో వింటాం. ఆ తల్లిని తిట్టకండి, ఇంట్లో ఆమెకు వేరే సాయం లేదు. ముందు ఒక్క పూట, మధ్యాహ్నం అన్నం ఫోన్ లేకుండా పెట్టమనండి. ఆ పూట కుదిరాక రెండోది.

తిండి

ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలే. మే నెల ఉక్కలో ‘నీళ్లయినా పట్టొద్దా?’ అని అడుగుతారు. తల్లిపాలలో దాదాపు 88 శాతం నీళ్లే ఉంటాయి. ఎండ ఎక్కువైతే ఎక్కువసార్లు పాలివ్వమనండి.

ఆరు నిండగానే ఉగ్గు, పప్పన్నం మెత్తగా రెండు మూడు చెంచాలతో మొదలు. 250 మిల్లీలీటర్ల గిన్నె ఒకటి కొలతగా పెట్టుకోమనండి. మెల్లగా పెంచుతూ అరగిన్నెకు రోజుకు రెండు మూడుసార్లు చేరాలి, తొమ్మిదో నెల నుంచి అరగిన్నె మూడు నాలుగుసార్లు, ఏడాది దాటాక ముప్పావు నుంచి నిండు గిన్నె మూడు నాలుగుసార్లు, మధ్యలో ఒకటి రెండు చిరుతిళ్లు. తల్లిపాలు రెండేళ్ల దాకా సాగాలి.

మన దగ్గర రెండు పొరపాట్లు కనిపిస్తాయి. ఒకటి పలచన. పలచటి చోడి అంబలి పొట్ట నింపుతుంది గాని బిడ్డకు బలం చాలదు. చెంచా వంచితే జారిపోకుండా నిలిచేలా కాచి, ఒక చెంచా నూనో నెయ్యో కలపమనండి. రెండోది, చేపలు దొరికే ఊర్లో బిడ్డకు చేప పెట్టకపోవడం. నెత్తళ్లు, కవళ్లు చవకగా దొరుకుతాయి. ఉడికించి, ముల్లు జాగ్రత్తగా తీసి, అన్నంలో మెదిపి ఏడో నెల నుంచే పెట్టొచ్చు. గుడ్డూ అంతే. ‘పళ్లు రాలేదుగా’ అంటే, చిగుళ్లతోనే మెత్తటిది నములుతారని చెప్పండి. టీలో ముంచిన బిస్కెట్టు, పది రూపాయల చిప్స్ ప్యాకెట్ తిండి కింద లెక్క కాదు. టీ ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వదు కూడా. నెలకు ఇచ్చే 2.5 కిలోల బాలామృతం ఇంట్లో అందరూ పంచుకుని వారంలో అయిపోతుంటే నిందించకుండా, బిడ్డ వాటా వేరే డబ్బాలో పోయించండి.

పెట్టే తీరు కూడా తిండితో సమానం. ఎదురుగా కూర్చోబెట్టుకుని, కళ్లలోకి చూస్తూ, మాట్లాడుతూ పెట్టాలి. మూతి తిప్పేస్తే ఆపాలి. ముక్కు పట్టుకుని, కాళ్ల మధ్య ఇరికించి పోయడం వల్ల బిడ్డకు తిండి అంటేనే భయం పడుతుంది, ఊపిరితిత్తుల్లోకీ పోవచ్చు.

ఆరు నెలలు దాటిన బిడ్డ జబ్బ కొలత 11.5 సెంటీమీటర్ల కంటే తక్కువుంటే అది తీవ్ర పోషకాహార లోపం, అదే రోజు డాక్టరుకు చూపించాలి. 11.5 నుంచి 12.5 లోపుంటే అంగన్‌వాడీ టీచరుతో కలిసి వారం వారం చూడండి. విరేచనాలైతే ఓఆర్ఎస్ ప్యాకెట్ మొత్తం ఒక లీటరు నీళ్లలో కలపాలి, సగం సగం కాదు. జింక్ 14 రోజులు. విరేచనాలు ఆగాక కూడా.

ఎదుగుదల మీద అనుమానం వస్తే

మన పెద్దవాళ్లు ఈ లెక్క ఎప్పటినుంచో పెట్టుకున్నారు. బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు, గడప దాటితే గారెలు. ‘మామ్మగారూ, బొబ్బట్లు పంచారా, ఎప్పుడు?’ అని అడిగి చూడండి. ‘ఎన్నో నెలలో బోర్లా పడింది?’ అంటే గుర్తులేదనేవాళ్లు, ఏ పండగకి ముందో వెనకో చెప్పేస్తారు. అది కార్డులో రాసుకోండి.

అయితే ప్రతి బిడ్డ వేగం వేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో ఆరోగ్యంగా ఉన్న పిల్లలు 8 నెలల నుంచి దాదాపు 18 నెలల మధ్య ఎప్పుడైనా సొంతంగా నడవొచ్చు. పక్కింటి పిల్లతో పోల్చి భయపెట్టకండి. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు, ఎన్ని వారాలు ముందు పుట్టిందో అన్ని వారాలు వయసులోంచి తీసేసి చూడాలి. రెండేళ్లు వచ్చేదాకా ఇదే పద్ధతి.

వీటిలో ఏది కనిపించినా ఆగొద్దు:

- మూడు నెలలు దాటినా మనిషిని చూసి నవ్వకపోవడం, చప్పుడుకు ఉలకకపోవడం
- అయిదో నెలకు మెడ నిలవకపోవడం
- తొమ్మిది నెలలు దాటినా ఆసరా లేకుండా కూర్చోకపోవడం
- ఏడాదికి పట్టుకుని కూడా నిలబడకపోవడం, వేలు పెట్టి చూపించకపోవడం, పిలిస్తే తిరగకపోవడం
- ఏడాదిన్నరకు నడవకపోవడం, అర్థమున్న ఒక్క మాటా రాకపోవడం
- రెండేళ్లకు రెండు మాటలు కలపకపోవడం
- ఏ వయసులోనైనా, వచ్చిన మాటో పనో పోవడం

వినికిడి చూడటానికి మొహం ముందు చప్పట్లు కొట్టకండి, గాలి తగిలి కూడా కళ్లార్పుతారు. అమ్మ ఒళ్లో ఉండగా పక్కనుంచి, కనబడకుండా గిలక్కాయ ఊపండి.

జాతీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013 నుంచి ఉంది. దాని బృందం ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీకి వస్తుంది. వాళ్లు వచ్చేదాకా అనుమానాన్ని దాచిపెట్టకండి. ఏఎన్ఎంకు చెప్పి, అర్బన్ హెల్త్ సెంటర్ డాక్టరు ద్వారా జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి, అంటే డీఈఐసీకి రాయించండి. ఫిజియోథెరపీ, మాటల శిక్షణ, వినికిడి పరీక్ష అక్కడ ఉచితం. మొదటిసారి మీరే తోడు వెళ్లండి. పెద్దాసుపత్రిలో ఏ కిటికీ దగ్గర నిలబడాలో తెలియక వెనక్కి వచ్చేసిన కుటుంబం మళ్లీ వెళ్లడం కష్టం.

జబ్బు పేరు మీ నోటితో చెప్పొద్దు. ‘బుర్ర ఎదగలేదు’ లాంటి మాట ఆ తల్లి జన్మంతా మోస్తుంది. ‘మాటలు కొంచెం ఆలస్యమవుతున్నాయి, చెవి బాగా వినిపిస్తోందో లేదో ఒకసారి చూపిద్దాం’ అనండి. ‘వాళ్ల నాన్నకీ మూడేళ్లకే వచ్చాయి’ అంటే వాదించకండి: ‘నిజమే పిన్నిగారూ, అలాగే వస్తే మంచిదే. చూపిస్తే పోయేదేమీ లేదుగా, నేనూ వస్తాను.’

తల్లి మనసు, తండ్రి చెయ్యి

తల్లి దిగులుగా ఉంటే ఈ ఆటలేవీ సాగవు. ఇంట్లో మిగతావాళ్లు లేనప్పుడు రెండే అడగండి: ఈ రెండు వారాల్లో ఎప్పుడూ మనసు బాగుండట్లేదా? ఇదివరకు ఇష్టంగా చేసినవి చేయబుద్ధి కావట్లేదా? దేనికైనా అవునంటే, తేలిగ్గా తీసుకోకండి. టెలీ మానస్ 14416 నంబరుకు మీ ఫోన్ నుంచే కలిపి ఇవ్వండి. తెలుగులో మాట్లాడతారు. చచ్చిపోవాలనుందని, బిడ్డను చూస్తే ఏదో చేయాలనిపిస్తోందని అంటే ఆమెను ఒంటరిగా వదలకుండా అప్పుడే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. వాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది.

తండ్రుల విషయంలో విశాఖకు ఒక వెసులుబాటు ఉంది, దాన్ని మనం వాడుకోవట్లేదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. బోట్లు ఒడ్డునే ఉంటాయి, మగవాళ్లు వలలు బాగుచేసుకుంటూ ఇంటి పట్టున ఉంటారు. ఏడాదంతా దొరకని తండ్రి ఆ రెండు నెలలూ దొరుకుతాడు. వలలు అల్లే చోటికే వెళ్లండి, బిడ్డను పక్కన కూర్చోబెట్టి ఆ బెండ్లు, తాళ్లు పేరు పెట్టి చూపించమనండి. బూచి ఆట, నీళ్లు పోయడం, ఒక పూట అన్నం తండ్రి చేతికివ్వండి. జూన్‌లో వేటకు వెళ్లాక కూడా ఆ అలవాటు కొంత మిగులుతుంది.

మూడేళ్లు నిండాక

ఆశా కార్యకర్తలూ, బిడ్డ గురించి మీకు తెలిసిందంతా అంగన్‌వాడీ టీచరుకు నోటితో అప్పజెప్పండి. బరువు, టీకాలు కాగితంలో ఉంటాయి. కాగితంలో లేనివి చెప్పండి: బిడ్డ నీళ్లను ఏమంటుంది, ఒంటికి వెళ్లాలంటే ఎలా సైగ చేస్తుంది, దేనికి భయపడుతుంది, ఎవరు తీసుకెళ్లడానికి వస్తారు, ఏ ఆటకు ఏడుపు మానుతుంది. డీఈఐసీకి వెళ్తున్న బిడ్డ అయితే అక్కడ చెప్పిన కసరత్తు టీచరుకూ ఆయమ్మకూ చూపించండి.

మొదటి వారం తల్లినో మామ్మనో కాసేపు కేంద్రంలో కూర్చోనివ్వమని అడగండి, రోజుకు కొంచెం తగ్గిస్తూ పోవచ్చు. మూడు రోజులు వరసగా బిడ్డ రాకపోతే టీచరు ఆశాకు ఒక ఫోన్ చేయాలి. పుట్టిన మూడో రోజు నుంచి ఆ ఇంటికి వెళ్తున్నది ఆవిడే కాబట్టి, ఎందుకు రాలేదో ఆవిడకే నిజం చెప్తారు.